ఒషావాకు లాగించుకొచ్చిన ఇల్లు

అక్కయ్యకు నీ చెల్లి సత్యవతి నమస్కారాలు.

ఫోనులో చెప్పలేని మాట ఒకటుంది కాబట్టి ఇన్నేళ్ళకు కాగితం తీశాను. నీ ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, ఇంటిల్లిపాదీ వింటారు. పోయిన నెల నువ్వు, "వస్తానంటే మూడుసార్లు వాయిదా వేశావు. మీ ఇంట్లో నాకు చోటు లేదని తిన్నగా చెప్పెయ్యవే" అని ఫోను పెట్టేశావు. మళ్ళీ చేయలేదు. నాకూ మొహం చెల్లలేదు.

నీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? బావగారి షుగరు ఎలా ఉంది? సింహాద్రి అప్పన్న దయవల్ల మేమిద్దరం క్షేమం. నా గురించి బెంగ పెట్టుకోకు.

అక్కా, మాకు ఈ దేశంలో ఇల్లు లేదు. నీకు పంపిన ఫొటోలో నా వెనక కనిపించే ఇటుకల ఇల్లు, అప్పుడు మేమున్న స్థలం ఓనర్లది. మాదని నేను అనలేదు. కాదని కూడా అనలేదు. మేముండేది ట్రైలర్లో. ఇంజిను లేని బస్సు అనుకో. లోపల మంచం, గ్యాసు పొయ్యి, చిన్న స్నానాలగది, భోజనాల బల్ల. మీ మరిదికి వెల్డింగ్ పని ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళాలి కదా, అందుకని కొన్నాం.

సార్నియా అనే ఊళ్ళో ఫ్యాక్టరీ పని అయిపోయి, ఒషావా అనే ఇంకో ఊళ్ళో పని దొరికితే ఆయన ముందుగా వెళ్ళారు. మూడు వారాలు ఒక్కదాన్నే ఉన్నాను. వేసవంతా ముప్పై నలభై ట్రైలర్లుండే మైదానం అది. చలి మొదలవగానే ఒక్కొక్కటీ కదిలిపోయి చివరికి మాదే మిగిలింది. సరస్సు మీది గాలికి రేకులు కొట్టుకుంటుంటే విష్ణు సహస్రనామం పైకే చదువుకునేదాన్ని, కనీసం నా గొంతైనా వినపడుతుందని. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకముందే ఖాళీ చేయమన్నారు.

మా చిన్న కారు ట్రైలర్ని లాగలేదు. ట్రక్కు అద్దెకిచ్చేచోట అడిగితే, ఇస్తాం గానీ దానికి ట్రైలర్ తగిలించకూడదన్నారు. చివరికి సొంత ట్రక్కుతో లాగిపెట్టే మనిషినే మాట్లాడుకున్నాం. వచ్చింది ఆడమనిషి అక్కా! బార్బ్ అని, అరవై ఏళ్ళుంటాయి. ఒక్కతే కొక్కెం తగిలించి, గొలుసులు బిగించి, వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసుకుంది.

ఈలోగా నేను పులిహోర డబ్బా, దేవుడి పటాలు ఒళ్ళో పెట్టుకుని లోపల బల్ల దగ్గర సర్దుకుని కూర్చున్నాను, రైల్లో కూర్చున్నట్టు. ఆవిడ తలుపు తీసి చూసి నిలబడిపోయింది.

"హనీ, ఏం చేస్తున్నావ్?"

"రెడీ," అన్నాను.

"లోపల మనుషులు కూర్చోకూడదు. నా పక్కన కూర్చోవాలి."

"ఇది మా ఇల్లు కదా?"

"ఇల్లే. రోడ్డెక్కితే మాత్రం సామాను," అని నవ్వింది.

తర్వాత ఆవిడ కంట అమ్మ సన్నికల్లు పడింది. ఇది లోపల వదులుగా ఉంటే బ్రేకు వేసినప్పుడు గోడ పగలగొట్టుకుని వస్తుందని, ట్రక్కులో వెనక సీటు మీద పెట్టి బెల్టు కట్టింది. మీ మరిదికి ఫోను చేసి చెబితే, "ఏటే, రాయికి సీటు బెల్టా? పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా నాకెప్పుడైనా అంత మర్యాద చేశావా?" అన్నారు.

దారంతా పక్క అద్దంలోంచి మా ఇల్లు వెనకే వస్తుంటే చూస్తూ కూర్చున్నాను. బార్బ్ ఆ రాయేమిటని అడిగింది. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఇది మా అమ్మది, దీని పొత్రం మా అక్క దగ్గర ఉంది, విమానం ఎక్కేరోజు బరువెక్కువైందంటే అక్క పొత్రం తీసి ఒళ్ళో పెట్టుకుని ఇంటికెళ్ళింది అని.

"మరి మీ అక్క రాలేదా ఇక్కడికి?"

"చోటు లేదు," అన్నాను.

"ఆ బల్ల కిందికి దించితే ఇద్దరు పడుకునే మంచం అవుతుంది. నీకు తెలీదా?"

తెలుసు అక్కా. కొన్న రోజునే తెలుసు. ఆవిడ రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా, "అయితే చోటు లేక కాదన్నమాట," అంది. నేను పటాల మీది గుడ్డ సర్దుకున్నాను.

ఒషావా చేరేసరికి మీ మరిది మా కోసం ఎదురుచూస్తున్నారు. ట్రైలర్ని కొత్త చోట నిలబెట్టాక పాలు పొంగిద్దామన్నాను. ఇల్లు అదే అయినా నేల మారింది కదా. నేల ఏటవాలుగా ఉంది, పాలగిన్నె పొయ్యి మీద ఒరిగి నిలబడింది. "తూర్పుకి పొంగాలంటే చెప్పు, అటువైపు జాకీ దించుతాను," అన్నారు ఆయన. సంగతి చెబితే బార్బ్ కూడా, "ఎటువైపు కావాలో చెప్పు," అని చెక్కలు పట్టుకుని నిలబడింది. మునుపటి సత్యవతైతే దించమనేదే. వద్దు, సమంగా పెట్టండి అన్నాను. సమంగా పెట్టారు. పాలు గిన్నె చుట్టూ పొంగాయి. మొదటి గ్లాసు బార్బ్‌కే ఇచ్చాను.

ఆవిడ వెళ్ళాక బల్ల దించాను. మెత్త పరిచి, నువ్విచ్చిన నీలం దుప్పటి వేశాను. సన్నికల్లు ఆ మంచం కిందే ఉంది. ఇన్నాళ్ళూ దాని మీద గాజు సీసాతో నూరుతున్నాను. పచ్చడి నలగదు, సీసా జారిపోతుంది.

అక్కా, ఎండలు వచ్చాక రా. పచ్చళ్ళు, చీరలు ఏవీ వద్దు, పొత్రం తీసుకురా. ఇల్లు చిన్నది, గాలికి ఊగుతుంది. తలుపు తీస్తే పొద్దున్నే ఎండ నీ మంచం మీద పడుతుంది. నీకు కోపం ఉంటే ఇక్కడికే వచ్చి తిట్టు, ఎదురుగా కూర్చుని వింటాను.

బావగారికి నా నమస్కారాలు. కోడలికి, పిల్లలకు ఆశీస్సులు. నన్ను, మీ మరిదిని దీవించు.

నీ చెల్లి,
సత్యవతి

ఈ కాగితాలు పారెయ్యకు, పొత్రం దగ్గరే పెట్టి దాచు. ఎవరికీ చూపించకు. మా ఇల్లు ఎలాంటిదో, చూసి వెళ్ళాక నీ నోటితో నువ్వే చెబుదువుగాని.