వెడల్పాటి మంచం

మునెమ్మక్కకు,

కాలి మీది షుగర్ పుండు మానింది, ఇక దిగులు పడకు. అన్నం తగ్గించానా లేదా అన్నది మీ మరదలు ఫోనులో చెబుతుంది, నన్ను అడగొద్దు. నేను రాసేది వేరే సంగతి.

సర్కారు ఆసుపత్రిలో చేరిన రోజే నా బరువుకు మంచం విరిగింది. నేల మీద పరుపేసి పడుకోబెట్టారు. నర్సు నివేదిత మోకాళ్ల మీద కూర్చుని కట్టు కట్టేది. నేను సిగ్గుతో గోడవైపు తిరిగేవాణ్ణి.

"బాధపడొద్దన్నా. మీ మాదిరి లావుగా ఉండేవాళ్లు ఇప్పుడు శానామంది వస్తా ఉండారు. ఒకరికే రెండు మంచాలు కలిపేస్తే ఇంకో రోగికి చోటేడుంది?" అనింది.

నేను వెల్డింగు పనివాణ్ణి కదక్కా! ఇంటికొచ్చి నడవగలిగాక, మా షెడ్డు యజమానినడిగి ఇనుప గొట్టాలతో వెడల్పాటి మంచం చేశాను. గట్టిదనం చూడాలని పనివాళ్లమంతా ఒకేసారి ఎక్కి కూర్చున్నాం. కిర్రుమనలేదు.

నిన్న దాన్ని వార్డుకు చేర్చాం. ఎన్నూరులో చేపలమ్మే దమయంతమ్మ అనే భారీ మనిషి అప్పటిదాకా నేల మీదే ఉంది. నలుగురు పట్టి ఆమెను మంచమెక్కించారు. ఆమె భయంభయంగా ఒక పక్కకు తిరిగింది, మళ్లీ రెండో పక్కకు తిరిగింది.

"అయ్యో, ఎంత సుఖంగా ఉండాదో! ఎవురు చేసినారు దీన్ని?" అని అడిగింది.

వార్డంతా నా వైపు చూసింది. ఇంత ఒళ్లు పెట్టుకుని నలుగురిలోకి రానివాణ్ణి, ముందుకు నడిచి గట్టిగా చెప్పాను.

"నేనేనమ్మా."

నీ తమ్ముడు,
తిరువొత్తియూరు