పైగది కెటిల్

శ్రీమతే రామానుజాయ నమః

తిరుపతి,
12-12-2024, గురువారం

చి.ల.సౌ. ధరణికి, కింది వంటింట్లోంచి మీ అత్త కల్యాణవల్లి ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేం క్షేమం. నువ్వు క్షేమమని నీ కెటిల్ టిక్కుమన్నప్పుడల్లా తెలుస్తూనే ఉంది. పద్దెనిమిది మెట్ల దూరానికి ఉత్తరమేమిటని నవ్వకు. హాల్లో మీ మామగారు పేపరు పట్టుకుని కూర్చునుంటారు. ఆయన వినకుండా మాట్లాడుకోవడానికి ఈ ఇంట్లో చోటేదీ? అందుకే ఆరిన నీ బట్టల మడతలో పెట్టి పంపుతున్నాను.

ధనుర్మాసం పట్టకముందే, ఈ ఆదివారమే, చిత్తూరులో అద్దెఇంట్లో మీరిద్దరూ పాలు పొంగిస్తారని మావాడు పరాశర్ చెప్పాడు. తప్పు నీది కాదు. భుజాన శంఖచక్ర ముద్రలు పడని కోడలు పెరుమాళ్లకు నైవేద్యం వండే వంటింట్లో అడుగుపెట్టకూడదన్నది మామగారి మాటగా విన్నావు. వండనివ్వని ఇంట్లో తిననని పైకెక్కావు. తండ్రిని ఎదురుగా నిలబడి అడిగే ధైర్యం నీ మొగుడికి పుట్టుకతోనే లేదు. ఎనిమిది నెలలు గడిచిపోయాయి!

నాకు తెలిసిన కెటిలల్లా మా నాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు వార్డులోకి టీ తెచ్చిన అల్యూమినియందే. నీ స్నేహితురాలు కోమలి పెళ్లికిచ్చిన కరెంటు కెటిల్లో నువ్వు అన్నం వండావు, సేమ్యా చేశావు, శెనక్కాయలు ఉడకేశావు, జలుబుకి ఆవిరి పట్టావు. ఉల్లిపాయ ఉప్మా వాసన మెట్లు దిగి వస్తుంటే నేను ముక్కు మూసుకున్నాననుకోకు. అబద్ధమెందుకు, రెండుసార్లు గట్టిగా పీల్చాను.

పైన ఇరుక్కుపోయానని నీ బాధ. మరి నా సంగతి? ఈయన నా చేతి వంట తప్ప ముట్టరని నలభై ఒక్క ఏళ్లుగా ఒక్క రాత్రి ఊరు దాటి ఉండలేదు. చిత్తూరులో మా అమ్మకు ప్రాణం మీదికొచ్చిందని కబురొచ్చిన రోజున కూడా రెండు పూటలకూ వండిపెట్టి బస్సెక్కాను. వెళ్లేసరికి అయిపోయింది.

మొన్న నేను జ్వరంతో లేవలేకపోతే ఆయనే పైకొచ్చి, నీ చేత కెటిల్లో గంజి కాయించుకుని తెచ్చారు కదా. నాకు గ్లాసులో పోసి, మిగిలింది తాను తాగారు. నాకు మతిపోయింది. మీ ఆచారమేమైందండీ అని అడిగితే, నీ చేతి కూడే కావాలని నేనెప్పుడన్నా అంటినా, ఇన్నేండ్లూ నువ్వే గదా వంటింట్లోకి ఎవుర్నీ రానీకుండా చేస్తివి అన్నారు. ఆ మాట మా అమ్మ బతికుండగా చెప్పకూడదా? గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. కోపం ఆయన మీదో నా మీదో ఇంకా తేల్లేదు. జ్వరం తగ్గింది. మళ్లీ పొయ్యి దగ్గరే ఉన్నాను. ఇంకెక్కడ నిలబడాలో నాకు తెలియడం లేదు.

ఉంటాను. కుక్కర్ కూత పెడుతోంది.

ఇట్లు
మీ అత్త
కల్యాణవల్లి

తా.క.: అసలు సంగతి రాయకుండానే సంతకం పెట్టేశాను. ముద్రల మాట మీ మామగారు అనలేదు. నేనే అన్నాను. పెళ్లయిన మూడో రోజు నువ్వు పెట్టిన చారు తిని పరాశర్, ఎంత బాగుండాదో అంటూ మళ్లీ పోయించుకున్నాడు. ఈ ఇంట్లో నాతో ఎవరూ ఎప్పుడూ అనని మాట అది. వంటిల్లు కూడా పోతే నాకేం మిగులుతుందని భయమేసింది. మర్నాడే ఆయన పేరు చెప్పి నిన్ను గుమ్మం దగ్గర ఆపేశాను. ఆయనకేమో, మన వంట ఆ పిల్లకు సయించదట, వేరే వండుకుంటుందట అని చెప్పాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నారు. ఆదివారం వెళ్లాలనుంటే వెళ్లు. ఆయన్ని తిట్టుకుంటూ మాత్రం వెళ్లకు తల్లీ, నన్ను తిట్టుకో.