అద్దాల బీరువాలోని గడ్డలో గోరంత ముక్క కొరకు

స్టేషన్ ఘన్‌పూర్,
తేది 16-8-1988.

కుసుమ సేవా దవాఖాన సూపరింటెండెంట్ గారి సముఖమునకు,

అయ్యా,

తమరు, ఇంట్లో అమ్మగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను. అనసూయ సిస్టర్ గారి నడుము నొప్పి తగ్గినదని, గేటు కాడి రాంచందర్‌కు జ్వరం విడిచినదని తలుస్తాను. మేము క్షేమము కాదు.

విషయం: నా కొడుకు రాయమల్లు కుడి తొడ నుంచి తీసిన కొవ్వు గడ్డ తమ నర్సుల బడి అద్దాల బీరువాలో ఉన్నది. అందులో ఒక ముక్క ఇప్పించుట గురించి.

1. నా కొడుకు వరంగల్ గల్లా మార్కెట్‌లో ధాన్యం బస్తాలు మోసే హమాలీ. రెండేండ్ల కింద తమ దవాఖానలోనే గడ్డ తీసినారు. ముక్క కోసి పరీక్షకు పంపుతామని డాక్టర్ భాస్కర్ గారు అన్నప్పుడు నేను కాళ్లు పట్టుకున్నాను. "దానికి మళ్ల కత్తి పెట్టకు బిడ్డా, కోస్తే పాకుతది" అన్నాను. "ఒంట్లకెళ్లి తీసినంక యాడికి పాకుతది అవ్వా?" అని నవ్వినారు. నేను విడువలేదు. విసిగి, గడ్డను గడ్డగానే సీసాలో వేసి నర్సుల బడికి ఇచ్చినారు. ఆ తప్పు నాది. దాచను.

2. అదే తొడలో మళ్లీ గడ్డ లేచినది. మొదటిది మెత్తగా ఉండేది, ఇది రాయి వలె ఉన్నది. ఈసారి భాస్కర్ గారు ముక్క కోసినారు, నేను నోరెత్తలేదు. నాకు అర్థమైనంత రాస్తాను. గడ్డ కణాల లోపల జీన్ అని ఉంటుందట. రెండు ఉండవలసిన చోట ఇరవై ముప్పై అయితే గడ్డ ముదురుతున్న గుర్తు కావచ్చునట. ఇంకా పరిశోధనలోనే ఉన్నదట, బొంబాయిలో చూస్తారట. పాత ముక్క, కొత్త ముక్క రెండూ కావలెనట. పాత ముక్కలో కూడా ఆ లెక్క అంతే ఉన్నదైతే గడ్డ వరకే తీసి చూడవచ్చునని, లెక్క కొత్తగా పెరిగినదైతే కాలే తీయవలసి వచ్చునని అన్నారు.

3. నర్సుల బడి నిర్మల మేడం గారి దగ్గరికి మూడుసార్లు పోయినాను.

"తనిఖీకి వస్తాండ్రు అవ్వా. బీరువా నిండుగ కనపడాలె. సీసా మూత ఇప్పేది లేదు."

"తనిఖీ అయినంక ఇస్తవా బిడ్డా?"

"దసరా పోయినంక చూద్దాం. అంత మంచి గడ్డ మళ్ల మాకు యాడ దొరుకుతది?"

"నా కొడుకు తొడల ఇంకోటున్నది, అది తీసుకో తల్లీ" అన్నాను. మేడం గారికి కోపం వచ్చినది.

4. నాకు ఫికరు ఎక్కువని అందరూ అంటారు. నిజమే. కానీ ఆ సీసాలో మందునీళ్లు ఇంకుతున్నవి, గడ్డ నెత్తి బయటపడినది. కండ్లారా చూసినాను.

5. కాలు సంగతి నా కొడుకుకు ఇంకా చెప్పలేదు. నొప్పి తగ్గితే మార్కెట్‌కు పోతానంటున్నాడు. ఒంటి కాలుతో బస్తా మోసినవాణ్ణి తమరు ఎక్కడైనా చూసినారా?

కాబట్టి తమరు ఒక్క మాట రాసి, ఆ మూత తీయించి, డాక్టర్ గారి చేతికి ముక్క ఇప్పించవలెను. ఈ ముసలిదాని తప్పు వాని కాలి మీద వేయకుండునట్లు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
చిలుకమ్మ

తా.క. మిగిలిన గడ్డ మీరే ఉంచుకోండి. కోసిన దిక్కు గోడకు తిప్పి పెట్టుమనండి, తనిఖీ సార్లకు తెల్వదు. డాక్టర్ సారు మంగళవారం బొంబాయి పోతాండు. నేను, నా కొడుకు సోమవారం, 22వ తారీఖు, పొద్దుగాల తొమ్మిది గంటలకు మీ గది ముందర కూసుంటం.