ఆరు పిస్టన్లు, నా చేతి చీటీ

విశాఖపట్నం జిల్లా అనకాపల్లి గవరపాలెంలో కాపురముంటున్న, కీర్తిశేషులు మళ్ల బంగారయ్య గారి భార్యనైన మళ్ల సీతాలమ్మ అనే నేను, అరవై ఎనిమిదో ఏట, నా సొంత దస్తూరితో రాసుకున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉంది. ఈ ఉదయం పదిహేడో ఎక్కాన్ని చివరి నుంచి మొదటికి చదివి చూసుకున్నాను, తప్పు రాలేదు. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. నన్ను ఒత్తిడి చేయగలవారు ఈ ఇంట్లో లేరని ఊరందరికీ తెలుసు. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా ఏకైక కుమారుడు త్రినాధరావుది.

1. నా భర్త గారు నాకు సర్వహక్కులతో రాసిచ్చిన గవరపాలెం ఇల్లు, బజారులోని బెల్లం కొట్టు త్రినాధరావుకు చెందవలెను. వాడు నిజాయితీపరుడు. కోపం మాత్రం ముందు వస్తుంది, ఆలోచన తరువాత వస్తుంది. ఆ గుణం తండ్రిది కాదు, నాది. దాన్ని విడిగా రాసివ్వనక్కరలేదు, ఇదివరకే ముట్టింది.

2. నా కాసులపేరు, రెండు జతల గాజులు, వంటింటి ఇత్తడి అంతా కోడలు బుల్లమ్మకు. ఇరవై రెండేళ్లుగా ఆమె పెట్టిన చారు తిన్నాను. ఉప్పు సరిపోయిందని ఒక్కనాడూ అనలేదు. ప్రతిరోజూ సరిపోయింది. ఈ మాట ఆమెకు వినబడేటట్టు చదవవలెను.

3. నా మరిది అప్పలరాజుకు, లారీ ఇంజనులోంచి తీసేసిన పాత ఇనుప పిస్టను ఒకటి. పదేళ్ల కిందట నా స్త్రీధనంతో లారీ కొన్న రోజున ఆయన వీధి అరుగు మీద నలుగురిలో, "ఆడది కొన్న లారీ కొండెక్కుద్దేటి వదినా?" అని నవ్వారు. ఎక్కింది. ఈ పిస్టను అందులో ఎనిమిదేళ్లు ఎక్కి దిగినదే. చుట్టలు నిలబెట్టుకోవడానికి బాగుంటుంది.

4. వెండి తూచే నా త్రాసు, రాళ్లపెట్టె, లారీతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నా మనవరాలు గంగాభవానికి. ఎందుకిస్తున్నానో ఆమె తెలుసుకోవాలి.

మా లారీ ఇంజనులో ఆరు సిలిండర్లు ఒకే వరుసన నిలబడి ఉంటాయి, ఒక్కోదానిలో ఒక్కో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. యుద్ధంలో పెట్రోలు దొరకక, వెనక బొగ్గు కుంపటి తగిలించి దాని గ్యాసుతో నడిపాం. ఆ మసికి సిలిండర్ల గోడలు అరిగి, పొగ తప్ప బలం రాకుండా పోయింది. 1946 చివర ఇంజను మొత్తం విప్పాం. విప్పినవాడు పైడిరాజు మేస్త్రీ. పూడిమడకలో పడవలవారి ఇంట పుట్టి, యుద్ధకాలంలో విశాఖపట్నంలో లారీల పని నేర్చినవాడు.

గోడలను తొలిచి నున్నగా చేయించి, ఆ కొత్త వెడల్పుకు తగ్గ పిస్టన్లు వేయాలి. రెండు రకాలు దొరికాయి. మద్రాసు నుంచి వచ్చే ఇనుపవి, పాతవాటి లాంటివే. మిలిటరీ సామాను అమ్మకంలో వచ్చిన అల్యూమినియంవి. రెండు రకాలూ నా త్రాసులో వేయించాను. ఇనుపది డెబ్భై ఆరు తులాలు తూగింది, అల్యూమినియంది నలభై మూడు. "బరువు తగ్గితే కింద బేరింగులకి సుకమండమ్మా, కొండెక్కినా ఆయాసపడదు" అన్నాడు పైడిరాజు. ఒప్పుకున్నాను. ఆ ఎంపిక సరైనదే.

అయితే ఆరింటిలో ఒకటి అర తులం ఎక్కువ తూగింది. ఆరూ సమంగా లేకపోతే ఇంజను వణుకుతుందట. పైడిరాజు దాని లోపలి అంచు ఆకురాయితో గీకడం, నేను తూచడం, మళ్లీ గీకడం. రెండు పూటలు పట్టింది. చివరికి ముల్లు కదలలేదు. "ఇంత పని పట్నం వర్కుసాపులో కూడా సూడలేదండమ్మా" అన్నాడు. నా పనిని నా ముఖం మీద మెచ్చుకున్నవారు నా భర్త గారి తరువాత అతనొక్కడే. ఆ రెండు పూటలు నా ముసలితనంలో మంచి రోజులు.

5. ఇది ఆస్తి కాదు, నిజం. వారసులందరికీ సమానంగా చెందుతుంది.

పిస్టనుకూ గోడకూ నడుమ కొంత సందు ఉంచాలి. పైడిరాజు అంగుళంలో వెయ్యింట నాలుగు వంతులు కావాలన్నాడు. నేను లారీ పుస్తకం తెరిచాను. అందులో రెండు వంతులని అచ్చయి ఉంది. అతనికి ఇంగ్లీషు రాదు, నాకు వచ్చు. విశాఖపట్నంలో తొలిచేవారికి కొలత నేనే ఇంగ్లీషులో చీటీ రాసి, సంతకం చేసి పంపాను. ఇంజను తిరిగివచ్చాక అతను సందులో ఉక్కు రేకు దూర్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది బిగువండమ్మా. అల్యూమినం వేడెక్కితే ఇనుముకంటే ఎక్కువ పొంగుద్ది. కూసింత సోటు ఒగ్గాల."

నలభై ఏళ్లు బెల్లం వ్యాపారం లెక్కలు చూసినదాన్ని. వదులున్న చోటే మోసం ఉంటుందని నేర్చుకున్నదాన్ని. అచ్చులో ఉన్నది తప్పా, నీ నోట్లో ఉన్నది తప్పా అని అడిగాను. అతను చేతులు తుడుచుకుని బిగించాడు.

1947 మాఘంలో రావికమతం వైపు నుంచి రైతుల బెల్లం దిమ్మలతో వస్తూ, ఎగువ రోడ్డు మీద ఇంజను పట్టేసింది. పిస్టన్లు పొంగి గోడలకు కరుచుకున్నాయి. డ్రైవరు జోగికి దెబ్బ తగలలేదు, దైవకృప. కాని కాలం కాని కాలంలో వాన కురిసింది. కప్పిన టార్పాలిను చాలలేదు. సగం బెల్లం పాకమై రోడ్డు మీద పారింది. రైతుల నష్టం ఆ నెలలోనే తీర్చాం.

త్రినాధరావు బజారు మధ్య పైడిరాజును నిలబెట్టి, చేతగానివాడని తిట్టి పనిలోంచి తీసేశాడు. "తప్పు నాదే బాబూ. బిగువుగా కట్టేసేను" అన్నాడు పైడిరాజు. నేను కొట్టు గుమ్మంలోనే ఉన్నాను. తొలిచేవారి దగ్గర నుంచి ఇంజనుతో తిరిగివచ్చిన నా చీటీ అతని చొక్కా జేబులో ఉంది. తీయలేదు. నేను నోరు విప్పలేదు.

మర్నాడు అతను పిలవకుండానే వచ్చి, ఇంజను విప్పి, పిస్టన్ల మీది చారలు సానరాయితో నునుపు చేసి, గోడలను ఇంకో రెండు వంతులు అరగదీసి, తాను మొదట చెప్పిన నాలుగుకు తెచ్చి బిగించాడు. ఆ ఆరు పిస్టన్లే నేటికీ నడుస్తున్నాయి. కూలి పుచ్చుకోలేదు. పోతూ పోతూ చీటీ నా చేతిలో పెట్టాడు. "ఇది మీ కాడుంచండమ్మా. ఎవులి సేతికైనా సిక్కితే బాగోదు."

తరువాత పుస్తకం మళ్లీ చదివాను. ఆ కొలత ఇనుప పిస్టన్లకని అదే పుటలో పై వరుసలో ఉంది. నేను పై వరుస చదవలేదు. ఇప్పుడక్కడ ఎర్రసిరాతో గీత గీశాను. గంగాభవానీ, ఏ లెక్కయినా పై వరుస నుంచి చదువు.

అనకాపల్లిలో పైడిరాజుకు ఆ తరువాత ఎవరూ లారీ అప్పగించలేదు. పూడిమడకలో సైకిళ్లు బాగుచేసుకుంటున్నాడు. నా చీటీ ఈ వీలునామాకు జతపరిచాను.

6. లారీ, దానిని నిలిపే షెడ్డు, పనిముట్లు సమస్తం పైడిరాజుకు సర్వహక్కులతో చెందవలెను. ఇది దానం కాదు. త్రినాధరావు గాని వాడి సంతతి గాని దీని మీద తగవు పెట్టరాదు.

7. నా కర్మకాండ ముగిసిన మొదటి సోమవారం, బెల్లం వేలంపాట మొదలుకాక ముందు, అయిదో క్లాజును త్రినాధరావు బజారులో బిగ్గరగా చదవవలెను.

8. ఏడో క్లాజును రద్దు చేస్తున్నాను. పోయిన శుక్రవారం అది రాసి, సిరా ఆరేలోపలే సిగ్గుపడ్డాను. నేను చేసిన తప్పును నేను లేనప్పుడు నా కొడుకు నోట పలికించడం ఏం న్యాయం? పైడిరాజు వయసు కూడా నా చావు కోసం ఆగదు. అందుచేత ఈ సోమవారం నేనే బజారుకు వెళ్లి, పాటకు ముందు, ఆ క్లాజు చదివాను. చీటీ అందరికీ చూపించాను. "పెద్దమ్మా, ఈ వయసులో మీకెందుకివన్నీ" అన్నాడొక వర్తకుడు. ఈ వయసు గనుకనే అన్నాను. త్రినాధరావు భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకుని, చివరిదాకా నిలబడి విన్నాడు. నిన్న బుధవారం పొద్దున్నే తనే హాండిలు తిప్పి లారీ స్టార్టు చేసి, "ఎక్కు, అమ్మా" అన్నాడు.

పూడిమడకలో ఎండుచేపల పందిళ్ల పక్కన లారీ ఆగేసరికి పైడిరాజు రోడ్డు మీదికే వచ్చేశాడు. త్రినాధరావు అతని చేతులు పట్టుకుని తప్పు నాది కూడా అంటుంటే, "ఊరుకోండి బాబూ. ముందు ఇది సెప్పండి. మూడో సిలిండరు కాడ టకటకమంతంది, ఎవులు ముట్టుకున్నారేటి?" అని బానెట్టు ఎత్తేశాడు. నేను దాచుకొని వెళ్లిన మాటలన్నీ అలాగే ఉండిపోయాయి. కాసేపటికి ఆ టకటక మాన్పి, చేతులు నూనెలో ఉండగానే, "ఆరూ సమంగా పలుకుతున్నాయండమ్మా. మీ తూకం" అన్నాడు.

తిరుగు దారిలో లారీ అతనే నడిపాడు. అది నిన్నటి నుంచే అతనిది. కనుక ఆరో క్లాజు నా జీవితకాలంలోనే అమలు జరిగింది. ఇలాంటి మనిషిని, అతని ముందు తలవంచగల కొడుకును నాకు చూపించినందుకు దైవానికి కృతజ్ఞురాలిని.

9. సాక్షికి ఆస్తి రాయకూడదు గనుక జోగికి ఇందులో ఏమీ రాయలేదు. నా భర్త గారి ఉన్ని శాలువా నిన్ననే అతని చేతికిచ్చాను.

10. పైన చెప్పనివి ఇంకా ఉన్నాయి. పుస్తకాలు, చీరలు, పచ్చడి జాడీలు, మిగిలిన అయిదు పాత పిస్టన్లు. వీటి పట్టీ రాయగలను. రాయలేదు. మీలో మీరు చూసుకోండి. ఎవరికైనా కొంచెం ఎక్కువ వెళ్లినా పట్టించుకోకండి. అంత చోటు ఉండనివ్వండి.

చదివి చూసుకుని, కొట్టివేతలు లేవని నిర్ధారించుకుని చేసిన సంతకం. సర్వధారి నామ సంవత్సర కార్తీక శుద్ధ దశమి, గురువారం, 1948 నవంబరు 11.

(సం.) మళ్ల సీతాలమ్మ

సాక్షులు:
1. పోతన్న, బెల్లం కాటాదారు, అనకాపల్లి (సంతకం)
2. జోగి, డ్రైవరు, తుమ్మపాల (ఎడమ బొటనవేలి ముద్ర)