ఏట్లో దిగిన మావయ్య

నరసింహా,

ఇద్దరం క్షేమమే, నా అరికాళ్లు మాత్రం బొబ్బలెక్కాయి. ఫోన్‌లో చెబుదామంటే మీ నాన్నగారు పక్కనే ఉంటారు, అందుకే ఈ కార్డు.

ఫ్రాన్స్ పల్లెల్లో ఈజీ వాకింగ్ ట్రెయిల్ అని నువ్వు బుక్ చేశావు గానీ, పైన్ అడవి దాటేసరికి నా ఓపికంతా అయిపోయింది. ముందు నడుస్తున్న మావయ్య ఉన్నట్టుండి కనిపించలేదు. పిలిచాను, పలకలేదు. హడలిపోయి, దారి పక్కనున్న ఏటిదాకా పరుగెత్తాను. బూట్లతోనే మోకాలిలోతు నీళ్లలో నిలబడి, గొంతెత్తి ఏడుస్తున్నారు. అత్తయ్య పోయిన రోజు కూడా ఆయన కంట తడి చూడలేదు మనం. దగ్గరికి వెళ్లబోయి ఆగిపోయాను. ఏడుపు తీరేదాకా చెట్టు చాటునే కూర్చున్నాను.

ఒడ్డుకొచ్చి, "ఆకలేస్తోందమ్మా, ఏమన్నా ఉంటే పెట్టు" అన్నారు. అత్తయ్య పోయాక ఇన్ని నెలల్లో నోరు తెరిచి తిండి అడగడం ఇదే మొదలు. బ్రెడ్డుకి ఆవకాయ రాసిచ్చాను, ఇంకోటి అడిగి తిన్నారు.

ఆయన దగ్గర నువ్వేమీ ఎరగనట్టే ఉండు. అక్కడ మన అరోరాలో చలి తగ్గిందా? ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్‌కి ఫిల్టర్ మార్చావా? మాయ లంచ్‌బాక్స్ ఖాళీ చేసి తెస్తోందా? రేపు మళ్లీ నడవాలట, తలుచుకుంటేనే నీరసం వస్తోంది.

అత్తయ్య చీరలు నెలాఖరుకి డొనేషన్‌కి ఇచ్చేస్తానన్నావు కదా, ఇవ్వకు. తింటూ తింటూ వాటి గురించే అడిగారు. బీరువాలోనే ఉన్నాయన్నాను. "ఉండనియ్యమ్మా, నేనే మడతపెట్టి ఇస్తాను" అన్నారు.

మాయకి తాతయ్య దీవెనలు, నా ముద్దులు.

రేణు