పళ్ళ డాక్టరును తరమకండి

ఏమండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. జావ గిన్నెలో ఉంది, చల్లారాకే తాగండి. నాలుగింటికి పళ్ళ డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. అరగంట ముందే బయల్దేరి మెల్లగా వెళ్ళండి. ఎవరైనా ముందుకు దూరితే దూరనివ్వండి. హారన్ జోలికి పోకండి.

నిన్న మనకి అడ్డొచ్చిందని ఆ నీలం కారును మార్కెట్ దగ్గర్నుంచి ఆసుపత్రి గేటుదాకా తరిమారు. "ఎక్కడికి పోతావురా, ఇవాళ నీ అంతు చూస్తా!" అని అద్దం దించి మరీ అరిచారు. తర్వాత లోపల గంటన్నర కూర్చుని, డాక్టరు రాలేదని నర్సు మీద ఎగిరారు.

పొద్దున డాక్టరుగారే ఫోన్ చేశారు. ఎవడో పిచ్చివాడు తరిమితే, సొంత ఆసుపత్రి గేటు కూడా దాటేసి పారిపోయారట. రాలేకపోయినందుకు ఏమీ అనుకోవద్దన్నారు. "అయ్యో పాపం" అన్నాను. ఇంకేమనను?

నొప్పితో మీరు పడే బాధ చూడలేకపోతున్నాను. అయినా మీ పంటికి పుచ్చు పట్టింది రోడ్డు మీద వాళ్ళ వల్ల కాదు.

అన్నట్టు, తప్పయిందని గుమ్మంలోనే చెప్పేయండి. కుర్చీలో నోరు తెరిచాక చెప్పలేరు. అప్పుడిక మత్తు సూది ఇవ్వాలా వద్దా అన్నది ఆయన ఇష్టం.