సింహం తలకు అంటించని కాగితం

జూన్ 3, మంగళవారం

నాటకం వేషానికి నేను చేసిన సింహం తలే. నా ఫోటోనే. ఎడమ చెవి దగ్గర వంకరగా అంటుకున్న జనపనార జూలు కూడా నాదే. కింద మాత్రం — "పద్మజ, ఆళ్లగడ్డ. నా సొంత పద్ధతి." వేషాల వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్లు. థర్మాకోల్ ఎట్లా కోయాలో, ఏది ఎక్కడ అంటించాలో ఆమెకు రెండు నెలలు ఫోన్లో నేర్పింది నేను. ఒళ్లు మండిపోతోంది.

జూన్ 4

గ్రూపులోనే అడిగేశాను. "ఎవురు చేస్తే ఏముందిలే అక్కా, దేవుని పని గదా" అంది. అందరూ దండం బొమ్మలు పెట్టారు. ఆమెకు!

జూన్ 5

అంగడిలో మా ఆయనతో చెప్పుకున్నాను. "అట్ట బొమ్మకు ఇంత రచ్చ ఏందీ?" చెప్పడం నాదే తప్పు.

జూన్ 7

దొరికింది దారి. పద్మజ ఏదీ చేసి చూడదు. నేను రాసింది రాసినట్టు తన నోటితో చెప్పి వీడియో పెడుతుంది. సరే... బంగారు రంగు నరసింహుని తల, కొలతలతో సహా గ్రూపులో రాసిపెట్టాను. ఒక్క మాట మాత్రం మింగేశాను — స్ప్రే కొట్టే ముందు తెల్ల జిగురుతో మూడు పొరలు న్యూస్ పేపర్ అంటించాలి. లేకపోతే ఆ రంగు థర్మాకోల్‌ను తినేస్తుంది. తిననీ. పద్మజ అందరి ముందు నవ్వులపాలు కానీ.

జూన్ 8

వీడియో ఇంకా లేదు. బేరం మధ్యలో కూడా ఫోనే చూస్తున్నాను.

జూన్ 9

వచ్చింది వీడియో! నా మాటలే, పొల్లు పోకుండా. పేపర్ ఊసే లేదు. చాన్నాళ్లకు అన్నం రుచిగా తిన్నాను.

జూన్ 12, గురువారం

కరిగింది సుభద్రది.

కొలిమిగుండ్ల సుభద్ర. ఏ సందేహం వచ్చినా ముందు నన్నే అడిగే పిల్ల. ఫోటో పెట్టింది — ముక్కు లేదు, నుదుట గుంటలు. "పద్మజక్క వీడియో చూసే చేసినా అక్కా. రంగు కొడుతానే బుసబుసమని పాయ. శనివారం నాటకం. మా ఆయనే నరసింహుడు."

వెంటనే పద్మజ — "ముందు పేపర్ అంటించాలని చిన్నపిల్లోళ్లకు గూడా తెలుసు గదమ్మా."

ఆమెకు తెలుసు. ఎప్పుడో ఫోన్లో నేనే చెప్పాను. చెప్పిన సంగతే మర్చిపోయాను. మళ్లీ ఆమెకే దండాలు.

జూన్ 13

నా సింహం తలను పాత చీరలో చుట్టి సంచిలో పెట్టాను. సాయంత్రం బస్సుకు నేనే తీసుకుపోతానని సుభద్రకు చెప్పాను. బదులు వచ్చింది.

"నిజంగా వస్తాండావా అక్కా? మా ఆయన పరువు నిలబెట్టినావ్. ఒక్కటి అడుగుతా, ఏమనుకోవద్దు. నువ్వు రాసింది ఇప్పుడే మళ్లా చదివినా. దాంట్లో గూడా పేపర్ సంగతి లేదే? మర్చిపోయినావా?"

నీలం టిక్కులు పడ్డాయి. చదివానని ఆమెకు తెలుసు.

"మర్చిపోయినా" అని కొట్టాను. చెరిపేశాను.

పద్మజ మీద కసి ఇసుమంత కూడా తగ్గలేదు. బస్సుకు ఇంకో గంట ఉంది. సుభద్ర ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉంది...